నాలుగోవాణ్ణి మంచివాణ్ణి చేయబోయి

రాజార్‌హాట్ వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఉండే మా మేనల్లుడు ఓ ఆదివారం భోజనాల దగ్గర ఒక సినిమా మీద తీర్పు చెప్పాడు. నలుగురు స్నేహితుల కథట. "అందులో ఒకడు మరీ వెధవ, మామయ్యా. వాడి వల్ల సినిమా అంతా పాడైపోయింది. సగంలో ఆపేశాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క వెధవైనా లేని స్నేహితుల గుంపు వీడెక్కడ చూశాడో! ఇంకాస్త కూర వడ్డించుకున్నాను. కానీ బెంగాల్లో మా పాత రైల్వే కాలనీ టికియాపారాలో గడిచిన ఓ మధ్యాహ్నం అప్పటినుంచీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మేమూ నలుగురమే, నలుగురమూ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళమే. ఒకడికి కళ్ళజోడు. బెంగాలీవాడు, మెత్తటివాడు. రెండోవాడు బీహారీ, పహిల్వాను, కోపం తెచ్చుకోవడానికి కూడా బద్ధకించే మనిషి. మూడోవాణ్ణి నేను. నా పనల్లా అందరి తరఫునా కంగారుపడటం. నాలుగోవాడూ బెంగాలీయే. చదువులో మా అందరికన్నా ముందు, నోటి దురుసులో ఇంకా ముందు. బీయస్సీ ఫస్ట్ క్లాసులో ప్యాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి కార్డు జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. మా ఇంట్లో టీ తాగి, కప్పు కింద పెట్టకుండానే టీ బాగాలేదనేవాడు. పహిల్వాను చెల్లెలి పెళ్ళికి వచ్చి, పెళ్ళికొడుకు పొట్టిగా ఉన్నాడని పెళ్ళికొడుకు తండ్రితోనే అన్నాడు. అయినా వాడు లేని సాయంత్రం మాకు చప్పగా ఉండేది. ఎందుకో అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి.

ఆ చలికాలంలో కళ్ళజోడు వాళ్ళ నాన్న పోయాడు. ఇంకా సర్వీసు ఉండగానే జబ్బుచేసి, చాలా రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. అలా ఉద్యోగంలో ఉండగా తండ్రి పోతే కొడుక్కి ఉద్యోగం ఇవ్వడం రైల్వేలో ఉన్నదే. శ్రాద్ధం నాడు అందరం భోజనానికి కూర్చున్నాం. నాలుగోవాడు కళ్ళజోడు వైపు చూసి, "అదృష్టవంతుడివిరా. మీ నాన్న పోతూ పోతూ నీకు ఉద్యోగం ఇచ్చిపోయాడు" అన్నాడు. కళ్ళజోడు లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత కళ్ళజోడు నాతో, "వాడుండే చోటికి నేను రాను. మీకు వాడు కావాలో నేను కావాలో తేల్చుకోండి" అన్నాడు. పహిల్వాను కూడా, "ఇంక వాణ్ణి వదిలేద్దాం" అన్నాడు. అంత మాట వాడి నోట వచ్చిందంటే వ్యవహారం ముదిరినట్టే. అటు నాలుగోవాడేమో కళ్ళజోడు కనపడటం లేదేమని నన్ను అడిగేవాడు. "కొత్త ఉద్యోగం కదా, తీరిక లేదు" అని చెప్పేవాణ్ణి. తెగిపోతుందని భయం. మేం నలుగురం ముగ్గురమైపోతే ఆ ముగ్గురం కూడా మిగలమని నాకు గట్టిగా అనిపించేది.

అంతలో ఉగాది వచ్చింది. ఉగాదికి మా తెలుగువాళ్ళందరూ కలిసి వీసీఆర్ అద్దెకు తెచ్చి క్లబ్బు గదిలో ఓ తెలుగు సినిమా వేసేవారు. మా క్వార్టర్ల లైన్లో ఉన్న బెంగాలీలు, బీహారీలు కూడా వచ్చేవారు. వాళ్ళ కోసం టీవీ పక్కన ఒకడు నిలబడి, ఒక్కో మాటా అవుతుండగానే బెంగాలీలో గట్టిగా చెప్పాలి. ఆ పని ఏటేటా నాదే. ఆ ఏడు కేసెట్టు మా అమ్మ విశాఖ నుంచి తెలిసినవాళ్ళ చేత తెప్పించింది. నేను ముందుగా చూడలేదు. నలుగురు స్నేహితుల కథని మాత్రం తెలుసు.

నాలుగోవాడు రాడని మాట ఇచ్చి కళ్ళజోడుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. చాప మీద వాడింకా సర్దుకోకముందే నాలుగోవాడు వచ్చేశాడు. రావద్దని వాడికెవరు చెప్పారు గనక! తిన్నగా వచ్చి వీసీఆర్ పక్కన కూర్చున్నాడు. ఆ మిషను ముట్టుకునే ధైర్యం వాడికొక్కడికే ఉండేది. కళ్ళజోడు నా వైపు చూసిన చూపుకి నా గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. ఈ ఒక్క పూట లోడ్‌షెడ్డింగు వస్తే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు.

సినిమా మొదలైన కాసేపటికే నాకు చెమటలు పట్టాయి. అందులోనూ మా నాలుగోవాడి లాంటివాడు ఒకడున్నాడు. స్నేహితుడి చొక్కా వేసుకుని చొక్కా బాగాలేదంటాడు. "నీ మొహానికి ప్రేమొకటా?" అంటాడు. నేను బెంగాలీలో, "బాగా ఆలోచించుకుని అడుగు వెయ్యి" అన్నాను. తెలుగు వైపు గొల్లున నవ్వారు. బెంగాలీ వైపు నవ్వెందుకో తెలియక మొహమొహాలు చూసుకున్నారు. అలా వాడన్న ప్రతి మాటనీ కడిగి, తుడిచి అందించాను. తెర మీద ముగ్గురు స్నేహితులూ వాడి మీద ఎగిరెగిరి పడుతున్నారు. ఇంత బుద్ధిమంతుణ్ణి వీళ్ళెందుకు తిడుతున్నారో అర్థంకాక బెంగాలీ ఆడవాళ్ళు ఆవులించడం మొదలుపెట్టారు. ఉప్పు లేని పప్పులా తయారైంది సినిమా. తయారైతే అయింది, ఎవరూ లేచిపోకుండా ఉంటే చాలనుకున్నాను.

ఇంతలో ఆ స్నేహితుల్లో ఒకడి తండ్రి చనిపోయిన సీను వచ్చింది. సినిమాలోని ఆ వెధవ వచ్చాడు. ఇల్లంతా పైకీ కిందికీ చూశాడు. నవ్వి, "ఏడుపెందుకురా, ఇల్లు నీ పేరు మీదికొచ్చిందిగా!" అన్నాడు.

అందరూ నా వైపు చూస్తున్నారు. "ధైర్యంగా ఉండు, ఇంక ఈ ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అని బెంగాలీలో చెప్పాను.

అదే క్షణంలో మా అమ్మ, "ఏటి నోర్రా ఆడిది! ఆడి నోరడిపోను!" అని కేకేసింది. తెలుగు ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ముందు వరసలోని ఓ బెంగాలీ పెద్దావిడ, "అంత మంచి మాట అంటే తిడతారేమిటి?" అని అడిగింది.

నాలుగోవాడు మీట నొక్కి సినిమా ఆపేశాడు. "వీడు మొదట్నుంచీ అబద్ధాలు చెప్తున్నాడు. మాషీమా, అసలు వాడేమన్నాడో మీరు చెప్పండి" అన్నాడు మా అమ్మతో. బెంగాలీలో మాషీమా అంటే పిన్ని.

"అమ్మా, వద్దు" అన్నాను.

"ఏటొద్దు? ఆడన్నదే కదా, నాను సెప్తానుండు" అని అమ్మ తనకొచ్చిన బెంగాలీలో, సగం తెలుగు కలిపి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. తండ్రి పోయాడు, ఇల్లొచ్చింది, ఏడుపెందుకు అన్నాడని. ఈసారి బెంగాలీ వైపు కూడా "ఛీ ఛీ" అన్నారు. తెర మీద ఆగిపోయిన బొమ్మ వణుకుతోంది. నాలుగోవాడు కళ్ళజోడు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే పరిగెత్తాను. అంతా అయిపోయిందనుకున్నాను. వాడు వరండా చివర రైలు పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు. నేనేదో అనబోయేలోగా నా వెనక చెప్పుల చప్పుడైంది. వచ్చింది కళ్ళజోడు.

"నేనన్నది కూడా అలాగే ఉందా?" అన్నాడు నాలుగోవాడు, ఇటు తిరక్కుండానే.

"ఇంకా ఘోరంగా ఉంది. సినిమాలో వాడు నవ్వుతూ అన్నాడు. నువ్వు నవ్వలేదు."

"వాడి ఉద్దేశం అది కాదురా..." అని నేను అందుకున్నాను.

"నువ్వు నోరు ముయ్యి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నాలుగోవాడు ఇటు తిరిగాడు. వాడి మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "నవ్వలేదు. నిజంగానే అన్నాను. మా నాన్న రిటైరవడానికి ఇంకెంతో లేదు. రిటైరయ్యాక పోతే నాకు ఏమీ రాదు. ఆయన దగ్గినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తోందిరా. వద్దన్నా వస్తోంది. ఆయన నాకోసం చేపలు తెస్తాడు. నేను ఆయన దగ్గు వింటూ కూర్చుంటాను. ఇది ఎవరితో చెప్పను?"

తండ్రి పోయి నాలుగు నెలలైనా కాని మనిషి ముందు అనే మాటేనా ఇది! కళ్ళజోడు వాణ్ణి కొడతాడనుకున్నాను. మధ్యలోకి వెళదామని ఒక అడుగు వేశాను కూడా. లోపల పహిల్వాను మళ్ళీ సినిమా పెట్టినట్టున్నాడు, పాట వినపడుతోంది. చెప్పేవాడేడని ఎవరో నన్ను పిలుస్తున్నారు.

కళ్ళజోడు కొట్టలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆ ఆలోచన నాకూ వచ్చిందిరా" అన్నాడు. "ఆస్పత్రిలో. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడే."