నర్సింహ సారు మాట వెనక్కి తీసుకున్న రోజు

ఈ ఉదయం గద్వాలలో మా బాబును చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెట్టి వస్తుంటే కొత్తగా వేసిన సున్నం వాసన ముక్కుకు తగిలింది. నర్సింహ సారు గుర్తొచ్చారు. బిజినేపల్లి దగ్గరి ఒక పల్లెలో నేను కొత్త టీచరుగా చేరినప్పుడు ఆయన మా హెడ్మాస్టరు. పాఠం ఎలా చెప్పాలో నాకు చాలామంది నేర్పారు. బడి ఎవరి కోసమో నేర్పింది మాత్రం ఆయనే.

మొదట్లో ఆయన అలాంటి మనిషి కాదు. ఐదేళ్లు నిండని పిల్లలు గేటు దాటకూడదన్నది ఆయన పట్టిన పట్టు. కూలికి పోయే తల్లులు చంటిపిల్లలను పెద్దబిడ్డలకు అప్పజెప్పి పోయేవారు. ఊళ్లో అంగన్‌వాడీ ఉన్నా అది ఊరికి ఆ చివర, పైగా తల్లులు పొలం నుంచి వచ్చేదాకా ఉండేది కాదు. నాలుగో తరగతి మౌనిక తమ్ముణ్ణి చంకనేసుకొని వస్తే సారు తిప్పి పంపేశారు. తర్వాత ఆ పిల్ల రావడమే మానేసింది. వాళ్లమ్మ ఎల్లమ్మ వచ్చి అడిగింది.

"పిల్లగాన్ని ఎవ్వరికాడ ఇడిసిపెట్టాలె సారూ? నాట్లకు పోకుంటే ఇల్లెట్ల గడుస్తది?"

"అది నీ ఇంటి సంగతమ్మా. బడి సంగతి కాదు" అన్నారు సారు. ఆ మాట సబబుగానే ఉందనుకున్నాను. అప్పటికి నాకూ పిల్లల్లేరు.

పెళ్లయిన చాలా ఏళ్లకు, ఆ ఏడే సారుకు కూతురు పుట్టింది. భార్య నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. సెలవు అయిపోయి ఆమె డ్యూటీలో చేరిన కొద్దిరోజులకే, పాపను చూసుకునే సారు తల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మరునాడు సారు భుజాన పాపతో, చేతిలో పాలసీసాతో బడి ముందు ఆటో దిగారు.

"జర పట్టుకోండ్రి మేడం. ఎవ్వరికాడ ఇడిసిపెట్టాల్నో తెల్వక తీసుకొచ్చిన" అన్నారు. అని, అక్కడే ఆగిపోయారు. ఎల్లమ్మ అడిగిన మాటే తన నోట వచ్చిందని ఆయనకు తట్టినట్టుంది. పాపను నా చేతుల్లో పెట్టి వెనక్కి తిరిగారు. కాసేపటికి మౌనిక పుస్తకాల సంచితో ముందు నడుస్తుంటే, ఆమె తమ్ముణ్ణి ఎత్తుకొని సారు వెనకాల వచ్చారు.

ఆ వారమే తల్లిదండ్రులను పిలిపించారు. "మీ ఇంటి సంగతి అని అన్న. తప్పు మాట అన్న. నాకు బిడ్డ పుట్టినంక తెలిసింది. చిన్నపిల్లలతోని మాకు పనిలేదంటే వాళ్ల అక్కల సదువు గూడ పోతది" అన్నారు. వెనక వరుసలో ఎల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంగన్‌వాడీని బడిలోని ఖాళీ గదికి మార్చాలని, పెద్దపిల్లల చివరి గంట దాకా ఉంచాలని సారు పైవాళ్లను అడిగారు. అలాంటి ఏర్పాటు ఎక్కడా లేదన్నారు వాళ్లు. సారు ఊరుకోలేదు. ఒక సోమవారం తల్లులను వెంటబెట్టుకొని నాగర్‌కర్నూల్ కలెక్టరేటుకు పోయారు. నేనూ పోయాను. మీ బడికి ఈ బరువెందుకని అక్కడి అధికారి అడిగారు.

"నేను హెడ్మాస్టరుగ రాలేదు సార్, ఒక తండ్రిగ వచ్చిన. నాకు పరేషాన్ అయిననాడు నా బిడ్డను బడికి తెచ్చుకున్న, నన్నెవ్వరు ఆపలే. ఈళ్లను నేనే ఆపిన."

ఆ అధికారి కలం కింద పెట్టి, తల్లులందరినీ కూర్చోమన్నారు. ఒక్కొక్కరు చెప్పింది విన్నారు.

ఇంకా చాలాసార్లు తిరగాల్సి వచ్చింది కానీ ఎండాకాలం సెలవులకు ముందే ఆర్డరు వచ్చింది. తల్లులే వచ్చి గదికి సున్నం వేశారు. తెరిచిన రోజు మౌనిక తమ్ముణ్ణి ఆ గదిలో దింపి, రెండు చేతులూ ఊపుకుంటూ తన తరగతికి పరుగెత్తింది. ఆ పూట నాలుగో తరగతి హాజరు పిలుస్తుంటే ఏ పేరు దగ్గరా నేను ఆగాల్సిన పని పడలేదు. గుమ్మంలో నిలబడి విన్న సారు, "ఇంకోసారి పిలువుండ్రి మేడం" అన్నారు. మళ్లీ పిలిచాను. ఈసారి పిల్లలు గది దద్దరిల్లేలా పలికారు.

ఇప్పుడు నేనూ తల్లినయ్యాను, హెడ్మాస్టరునయ్యాను. బడికి రాని పిల్లల గురించి సమావేశాల్లో మాట వస్తే, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని ఎవరో ఒకరు అంటారు. ఆ ఇంట్లో చంటిపిల్లను ఎవరు చూసుకుంటున్నారో ముందు కనుక్కుందాం అంటాను. కనుక్కోవడానికి ఆ ఇంటికి నేనే పోతాను.