దెయ్యం ఎత్తు కొలిచిన బావ

పోయిన మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మా అక్క ఫోన్ చేసింది. "లేవలేదురా" అంది. పోలీసు క్రైమ్ బ్రాంచిలో ఎన్నో ఏళ్లు పనిచేసి, ఇన్‌స్పెక్టరుగా రిటైరై, తమిళనాడులోని మా రాజపాళయంలోనే స్థిరపడిన మా బావ నిద్రలోనే వెళ్లిపోయాడు.

సంగతి చెప్పగానే నా మనవరాలు "కడైసి ఎపిసోడ్, అదే ఆఖరిది, తాత చూడనే లేదే" అంది.

ఏడాదిగా బావా, ఈ పిల్లా కలిసి ఒక జపాను బొమ్మల సీరియల్ చూస్తున్నారు. కొండల మధ్య ఒక ఊరు. అక్కడ మనుషులు ఒకరి వెనక ఒకరు చచ్చిపోతుంటారు. చచ్చినవాళ్లే తిరిగొచ్చి చంపుతున్నారని ఊరంతా నమ్ముతుంది. అందులో ఒక ముసలి డిటెక్టివ్ ఉంటాడు, నలిగిన కోటు, తగ్గని దగ్గు. నాకు రెండో భాగానికే బి.పి. మాత్ర అవసరమైంది కాబట్టి మిగతా కథ నన్నడగకండి. మా బావకు మాత్రం ఆ ముసలాయనంటే ప్రాణం. "నాకన్నా సీనియర్‌రా" అనేవాడు, సెల్యూట్ కొట్టేవాడిలా కూర్చుని. కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు కళ్లకు అందవు. పిల్ల మన తెలుగులో చెప్తుంటే, ఉన్నట్టుండి "నిలుపు, నిలుపు" అనేవాడు.

"ఆయన చెయ్యి చూస్తివా? తలుపు తీసేదానికి ముందు ఒణకతా ఉండాది. అసలైన పోలీసమ్మా."

"పయపడేవాడు పోలీసా తాతా?"

"పయపడనోడు ఒకసారి చూసి పోతాడు. పయపడినోడే నాలుగుసార్లు చూస్తాడు."

బావకు దెయ్యాలంటే భయమని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. శవ పరీక్షకు వెళ్లొచ్చిన రోజు మా అక్క కొంగు వదిలేవాడు కాదు. ఆ వణికే చెయ్యిని నేనూ ఒకసారి చూశాను. అది బొమ్మల్లో కాదు, బావది.

ఆయన రిటైరైన కొన్నేళ్లకు జరిగిందది. ఊరి అంచున బ్యాండేజ్ గుడ్డను తెల్లబరిచి ఆరేసే చోటు ఒకటుంది. వెదురు గడల మీద బారులు బారులుగా వేలాడే తెల్లగుడ్డ. బారుకీ బారుకీ నడుమ తెల్లటి సందు. అందులోకి దిగితే పక్క సందులో ఎవరున్నారో కనబడదు. ఒక మధ్యాహ్నం ఒక సందులో గుడ్డ మీద నెత్తురు చుక్కలు కనిపించాయి. మర్నాడు ఇంకో సందులో. ఇంకా గాయమే తగలని కట్టుగుడ్డకు నెత్తురెలా వచ్చింది? మూడో రోజుకు సగంమంది పనికి రావడం మానేశారు. నాలుగో రోజు ఎవరో కనిపెట్టారు, నెత్తురు పడేది గుడ్డ తిరగేసే ఒక ఒంటరి ముసలమ్మ నడిచిన సందుల్లోనేనని. అంతే, ఆమె చేతబడి చేసిందన్నారు.

శుక్రవారం నాలుగు గంటలకు అమ్మవారి గుడిలో ఆమె అరచేతిలో కర్పూరం వెలిగించి, ఆర్పించి, సత్యం చేయించాలని తీర్మానించారు. చెయ్యి వణికితే దోషి. వణక్కపోతే మంత్రగత్తె. తప్పించుకునే దారి ఎటూ లేదు.

పోలీసులొస్తే పేపర్లో పడుతుందని మొదలాళి, అంటే ఆ చోటు యజమాని, బావను పిలిపించాడు. మేమిద్దరం షేర్ ఆటో దిగేసరికి మూడు. గేటు దగ్గర జనం. ఒకడి చొక్కా జేబులో కర్పూరం పొట్లం. ముసలమ్మ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకొని గుడ్డల మొదటి బారు పక్కన నేల మీద కూర్చుని ఉంది. మొదలాళి పక్కన, ఆయన మధ్యాహ్నం కునుకు వేళ తప్ప విప్పని గొలుసుతో, ఆయన పాలతెలుపు కుక్క.

మా ఊరి కుక్కల సంగతి కొంచెం చెప్పాలి. యజమాని చెయ్యి తప్ప ఇంకో చేతి కూడు ముట్టదనీ, పరాయివాళ్లకు తోక ఊపదనీ మేమందరం గొప్పలు పోతాం. పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత పట్టింపు ఉండదు. కుక్కకు బిస్కెట్ వేశాడని ఈ మొదలాళి ఒక వాచ్‌మన్‌ను పనిలోంచి తీసేశాడు కూడా.

బావ జేబులోంచి దర్జీ టేపు తీసి సందులోకి దిగాడు. వెనక నేను. గాలికి గుడ్డలు మొహానికి తగులుతున్నాయి. ఆయన చెయ్యి వణుకుతోంది.

"బావా, పోదామా?"

"నోరు మూసుకోని దెయ్యం ఎత్తు రాసుకోరా. రెండడుగులు. రెండున్నర. పైన ఒకటీ లేదు."

గుడ్డ అవతలి నుంచి ఒక గొంతు: "అది పాకతా వచ్చుంటాది సార్."

నేను గుడ్డ పక్కకి తీశాను. చూస్తే కర్పూరం పొట్లంవాడు. బావ మాత్రం అదే గుడ్డను మళ్లీ చూశాడు. మళ్లీ చూశాడు. చుక్కలు కారినట్టు లేవు, విసిరినట్టు వంపు తిరిగి ఉన్నాయి.

బయటికొచ్చి ముసలమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇంట్లో ఎంతమందమ్మా?"

"నేనొకదాన్నే అయ్యా."

క్యారియర్ మూత తీశాడు. "ఒకరికి ఇంత కూడెందుకు?"

ఆమె మొదలాళి చెప్పుల వైపు చూసి తల దించుకొంది.

"చెప్పకుంటే చెయ్యి కాల్తాది. చెప్తే ఏం పోతాది?"

"వేలై పోతాదయ్యా. ఈ పని పోతే గంజికి ఏం చేసేది?"

అప్పటికే మూడున్నర దాటింది. జనం గుడి వైపు కదలడం మొదలైంది. "సార్, నేరమయిపోయింది, నాలుగు కావస్తా ఉండాది" అని ఎవడో ఆమె జబ్బ పట్టుకొన్నాడు. బావ లేచి, మొదలాళి దగ్గరికి నిదానంగా నడిచాడు.

"ఒక మాట ఇయ్యి. ఈడ ఏం బయటపడినా ఎవరి వేలైయూ పోగూడదు."

"సరి, ఇస్తిని."

"అందరికీ వినపడేటట్ల చెప్పు."

చెప్పాడు. అప్పుడు బావ, "గొలుసు విప్పు" అన్నాడు.

"కరుస్తాది సార్! నా పక్కనించి కదలదు అది."

"కదలకుంటే మంచిదే కదా. విప్పు."

గొలుసు నేల మీద పడింది. కుక్క కదల్లేదు. మొదలాళి మీసం కింద నవ్వు మొదలైంది. బావ చేతులు రెండూ వెనక్కి కట్టుకొన్నాడు, వణుకు కనబడకుండా.

కుక్క ఒక్క ఉదుటున ముసలమ్మ మీదికి ఉరికింది. జబ్బ పట్టినవాడు వదిలేసి పారిపోయాడు. క్యారియర్‌లో మూతి పెట్టి, ఆమె చెవులు నాకుతూ, మూలుగుతూ, పక్కనే వేలాడే గుడ్డకేసి టపటపా తోక కొడుతోంది. కొరడాలాంటి ఆ సన్నటి తోక చివర చిన్న చీలిక ఉంది. కొట్టిన ప్రతిసారీ తెల్లగుడ్డ మీద వంపుగా ఎర్రచుక్కలు పడుతున్నాయి, రెండడుగుల ఎత్తున, రెండున్నర ఎత్తున. మొదలాళి గొలుసు వైపే చూస్తున్నాడు.

"అయ్యో, నాయినా, నెత్తురు" అంటూ ముసలమ్మ ఆ తోక కొనను రెండు అరచేతుల మధ్య పట్టుకొంది. ఎంత గట్టిగా పట్టుకొన్నా అది ఆగలేదు. దాంతోపాటు ఆమె చేతులూ ఊగుతూనే ఉన్నాయి.