అమ్మమ్మ చెవి, యూలియెత్ చక్రాలు

కొలంబియాలో ఏ కొండ మీద, ఏ స్కేటు బేరింగులో ఇసుక రేణువు దూరినా, మా ఊరు గ్వార్నేలో కూర్చున్న మా అమ్మమ్మ ఎదిల్మాకు తుమ్ము వస్తుంది. స్కేటింగులో మా దేశం గెలిచిన బంగారు పతకాలన్నీ కరిగించి దుద్దులు చేయించినా ఆ చెవి రుణం తీరదు. ఇందులో సగం నేను కల్పించాను. మిగతా సగం ఆమే కల్పించి చాలా ఏళ్లయింది.

స్కేటింగ్ ట్రాక్ గేటు పక్కన రేకుల కొట్టు మాది. చక్రాలు, బేరింగులు, లేసులు, మోకాలి తొడుగులు, మణికట్టు పట్టీలు, అన్నీ అక్కడే వేలాడుతుంటాయి. ఏడో తరగతిలో లెక్కల టీచరూ నేనూ ఒక మాట అనుకుని విడిపోయాక, బడి మాని నేనూ అక్కడే వేలాడుతున్నాను.

"ఎర్ర చక్రాలున్నాయా?" అని ఏ తల్లయినా అడిగితే, "రంగు కావాలంటే రిబ్బను కొనుక్కో తల్లీ. పిల్ల బరువెంత?" అంటుంది అమ్మమ్మ. మడమ దగ్గరి బ్రేకు రబ్బరు పీకించుకుని పెద్దవాళ్లయిపోదామని వచ్చే పిల్లలకైతే, "ముందు అది లేకుండా ఆగి చూపించు" అని గేటు దాకా తరుముతుంది. ఒకసారి చాక్లెట్ కాచే గిన్నెలో పెట్రోలు పోసి బేరింగులు కడిగింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ అగ్గిపుల్ల దగ్గరికి పోలేదు.

ఏ బేరింగయినా ఆమె చెవి దాటి పోవాల్సిందే. చక్రాన్ని ఇరుసుకు ఎక్కించి, ఒక్క తిప్పు తిప్పి, చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటుంది. "తడి తాగింది." "ఇసుక తిన్నది." "బాగుంది, పో." అంతే. ఊళ్లో ఆ మాటకు తిరుగులేదు.

ఈస్టర్ తర్వాత ఒకరోజు నేను ఆమె వెనక నిలబడి, "ముసలి బాతూ" అన్నాను. మామూలుగా అయితే పానా వచ్చి నా వీపున తగలాలి. రాలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. లేసులు చుట్టుకుంటూనే ఉంది. నాకు నవ్వు రాలేదు.

ఆ శనివారం మా పిన్ని కూతురు యూలియెత్ వచ్చింది. తెల్లారితే కొండ మీది నుంచి ఊళ్లోకి దిగే రోడ్డు పోటీ. ఆ వాలులో బేరింగు పట్టేస్తే కాలు అక్కడే ఆగుతుంది, మనిషి ఆగదు.

"అమ్మమ్మా, నీ చెవి పెట్టనిదే నేను దిగను" అంది యూలియెత్, పనేలా బెల్లం కాచిన పానకం ఊదుకుని తాగుతూ.

అమ్మమ్మ ఒక్కో చక్రం తిప్పి, విని, "బాగుంది" అంటూ నాకిస్తోంది. నేను స్కేటుకు బిగిస్తున్నాను. మూడోది చేతికి రాగానే తిప్పితే, వేలి కొనకు గరగర తగిలింది. మళ్లీ తిప్పాను. గరగరే.

"అమ్మమ్మా, ఇది ఇంకోసారి విను."

"విన్నాగా."

"ఇదేదో సణుగుతోంది. అచ్చం నీలాగే."

"ఎనిమిదో తరగతి మొహం చూడనిదానివి, నా చెవులకు పరీక్ష పెడతావా?"

యూలియెత్ పకపకా నవ్వింది. "దీనికి కుళ్లే అమ్మమ్మా. నేను గెలుస్తానని."

నేను నవ్వలేదు. చక్రాన్ని బిగించనూ లేదు. అమ్మమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుని తిప్పింది. చెవికి ఆనించింది. ఈసారి కళ్లు మూసుకోలేదు, నా మొహమే చూస్తోంది. చక్రం పూర్తిగా ఆగేదాకా అలాగే ఉంది. రేకుల మీద వాన మొదలైంది. ఆ చప్పుడుకు కూడా తల ఎత్తలేదు.

తర్వాత చక్రాన్ని యూలియెత్‌కు ఇచ్చింది. "నువ్వు విను."

యూలియెత్ తిప్పి విన్నది. నవ్వు ఆగిపోయింది. "ఇసుకుంది అమ్మమ్మా" అంది మెల్లగా.

"ఏంటీ?"

"ఇసుక!" అని అరిచాను నేను.

బిగించినవి కూడా విప్పించి, అమ్మమ్మ చక్రాలన్నీ ముందేసుకుంది. ఒక్కొక్కటీ తిప్పి, తన చెవికి కాదు, నా చెవికి ఆనించింది. "చెప్పు" అంటుంది. చెబుతాను. నా నోటి వంక చూస్తుంది. పక్కన పెట్టాల్సినవి ఇంకో రెండు తేలాయి. కొత్త బేరింగులు వేయించి, ఆ మూడింటి పాతవి తనే కాగితంలో చుట్టి, చెత్తలో వెయ్యకుండా, గౌను జేబులో పెట్టుకుంది. సాయంత్రం దాకా ఆ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆదివారం అమ్మమ్మా నేనూ రోడ్డు మలుపు దగ్గర నిలబడ్డాం. ఇదివరకు స్కేటర్లు కనబడకముందే, "వస్తున్నారు, ముందున్నవాడి చక్రాలు అరిగాయి" అనేది. ఆ రోజు నా మోచెయ్యి పట్టుకుని, "వస్తున్నారా? వస్తున్నారా?" అని అడుగుతూనే ఉంది. యూలియెత్ నాలుగో స్థానంలో, ఒంటి మీద గీత పడకుండా దిగింది. అమ్మమ్మ చప్పట్లు కొట్టలేదు. నా మోచెయ్యి మీద ఆమె గోళ్ల గుర్తులు మాత్రం మిగిలాయి.

ఇదంతా రాసి నిన్న కొట్లో ఆమెకు గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాను. దుద్దుల దగ్గరికొచ్చేసరికి చక్రం పట్టుకున్న చెయ్యెత్తి ఆపింది.

"నా చెవి పోయిందని రాశావా?"

"రాశాను."

"అయితే పతకాల సోదెందుకు? నాకు వినబడదు, నీకు చదవడం రాదు. ఆ కాగితాలు అవతల పెట్టి, చెవి ఇలా తే."