మూడవ వన్స్‌మోర్

మా బాలికల పాఠశాలలో ఉదయప్రార్థనకు పదునాలుగేండ్లు హార్మోనియం వాయించిన ఆదికేశవులుగారు, అంతకు మునుపు నాటకాలవారు. పగలు చెన్నపట్నం పురసవాక్కంలోని జవుళి అంగడిలో గుడ్డ కొలిచేవారు. సాయంత్రం ఒక నాటక సమాజానికి వాయించేవారు. ఇరవై యేండ్లలో ఒక్క ఆటకైనా ఆలస్యంగా రాలేదు. హార్మోనియం ముందరి ఆ పీటయే తన పరువని ఆయన నమ్మకం.

1952 వేసవిలో సమాజాధిపతి భాష్యంగారు ‘రాష్ట్రాల పంపకం’ అనే సంగీత ప్రహసనం వ్రాశారు. అర్జీలను తలగడగా పెట్టుకొని నిద్రించే ఢిల్లీ ప్రభువు, చెన్నపట్నాన్ని చెరొక కొస పట్టి లాగే నాయకులు అందులోని పాత్రలు. నిరాహారదీక్ష పూని తెర వెనుక గారెలు తినే దొంగ నాయకుని పాటకు వరుస కట్టినది ఆదికేశవులుగారే. ఆ పాటకు ‘వన్స్‌మోర్’ అని కేకలు పడని ఆట లేదు. సభ కోరితే మరల పాడవలసినదే. అది రంగస్థల మర్యాద.

అక్టోబరులో మైలాపూరులో ఒక పెద్దమనిషి ఆంధ్రరాష్ట్రం కొరకు నిజంగానే ఆహారం మానివేశారు. యాభై ఎనిమిదవ నాటి ఉదయం ఆదికేశవులుగారు అక్కడికి వెళ్లి, వాకిట నిలిచిన జనంలో కొంతసేపు నిలిచి, తిన్నగా భాష్యంగారి ఇంటికి వచ్చారు.

“సామీ, ఈపొద్దు గారెల పాట వద్దు.”

“అది ఆయన మీద రాసిందా ఏంది? ఎండాకాలంలో రాసిందయ్యా.”

“రాసింది ఎప్పుడైతే ఏమి, వినేది ఈపొద్దు గదా. నేను ఆడికి పోయొచ్చినా. మనిషి నిలిచేట్టు లేడంట.”

“జనం వచ్చేదే ఆ పాటకు. తీసేస్తే బెంచీలు విరగ్గొడతారు.” భాష్యంగారు కొంచెం ఆలోచించారు. “సరే, ఒక్క తూరి. వన్స్‌మోర్ అంటే నువ్వు హార్మోనియం తిత్తి మూసెయ్, నేను తెర దించేస్తా.”

“మాటేనా?”

“మాటేనయ్యా. నీ మొహం చూస్తే దీక్షలో ఉండేది నువ్వే అనుకుంటారు. ఇడ్లీ తిని పో.”

సాయంత్రం పాట ముగిసింది. సభ గొల్లున నవ్వింది; కేకలు లేచాయి. నాయకుని వేషంలో గారె చేతబట్టిన భాష్యంగారు ఆదికేశవులుగారి వంక చూశారు. తిత్తి మూయవలసిన చేయి మూయలేదు. ఇరవై యేండ్ల అలవాటు దానిది, శ్రుతి అందించింది. రెండవ వన్స్‌మోర్ కూడ అయినది. మూడవసారి ఆయన వ్రేళ్లు ఆ వరుసలో ఎన్నడూ లేని స్వరాల మలుపు, క్రొత్త సంగతి ఒకటి పలికించాయి. దానికి వేరే చప్పట్లు పడ్డాయి.

ఆ రాత్రియే మైలాపూరులో ఆ పెద్దమనిషి కన్నుమూశారు.

తెల్లవారి ఆదికేశవులుగారు సమాజపు గదికి వచ్చి, హార్మోనియాన్ని తుడిచి, గుడ్డ కప్పి, గది తాళపుచెవి భాష్యంగారికి అప్పగించారు.

“ఇట్లా అవుతుందని మనకేం తెలుసయ్యా?”

“మీకు తెలీదు సామీ. నేను చూసొచ్చినా గదా.”

“తెర దించకుండా నీ వైపు చూసింది నేను. కేకలు వేసింది జనం.”

“ఆ సంగతి వేసింది నేను. ఎవురూ అడగలే.”

భాష్యంగారు తాళపుచెవిని మొలలో దోపుకొన్నారు. వీథిలో జనం మైలాపూరు వైపు నడుస్తున్నారు. వారిలో కలిసే ధైర్యం చాలక, ఆదికేశవులుగారు వారికి ఎదురుగా నడిచి అంగడికి చేరారు. ఆనాడు అది తెరవలేదు. మెట్ల మీద పొద్దు వాలేదాకా కూర్చున్నారు.