బోల్టులు బిగిస్తే చాలు

మా ఆయన రేనో లాహ్తికి చెడ్డ అలవాట్లు లేవు. తాగడు, పేకాడడు. ఏం చేయబోయినా "బోల్టులు బిగిస్తే చాలు" అంటాడు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను కాల్చుకు తిన్నది ఆ మాటే. ఇనుపగనిలో లారీలు బాగుచేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చుంటే చేతులు దురద పెడతాయి.

నా చిన్న కారు కొండెక్కుతూ ఆయాసపడుతోందట. ఏనాడూ మొరాయించని కారు. రోజూ తెల్లారకముందే నేను అందులో బడి వంటగదికి వెళ్తేనే పిల్లల కడుపులో వేడిగా ఏదైనా పడుతుంది. అయినా వేసవి సెలవుల్లో దాని ఇంజను పీకేసి, తుక్కైన ట్రక్కులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజనొకటి పట్టుకొచ్చాడు.

"ఇంత లావుది అందులో పడుతుందా?" అన్నాను.

"బోల్టులు బిగిస్తే చాలు."

పడలేదు. ఇంజను కింది నూనె తొట్టి అడ్డుదూలానికి తగిలితే కోసి అతికించాడు. రేడియేటరుకు చోటు లేక ముందు రేకులు కోశాడు. బ్యాటరీ డిక్కీలోకి పోయింది. బరువుకు స్ప్రింగులు కుంగితే వాటినీ మార్చాడు. శనివారం ఆవిరిస్నానాలయ్యాక ఊరి మగాళ్లు తువ్వాళ్లు మెళ్లో వేసుకొచ్చి, ఆ రొద విని "అబ్బ, ఏం గొంతురా!" అని మురిసిపోయేవారు. ఒక్కొక్కడి మూతి పగలగొట్టాలనిపించేది. బడి తెరిచినా కారు రాలేదు. తన సొంత ట్రక్కేమో నన్ను ముట్టుకోనివ్వడు. పక్కింటివాళ్లను బతిమాలుకుని వెళ్లేదాన్ని.

మంచు మొదలయ్యాక తాళం చేతికిచ్చాడు. కొండ గుక్క తిప్పుకోకుండా ఎక్కింది, కాదనను. దిగేటప్పుడు నా ఊపిరికే అద్దం లోపల మంచు పేరుకుంది. హీటరు మీట తిప్పితే ఊడి చేతిలోకొచ్చింది. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటిస్తున్న ముసలాయన కేక ఆ ఇంజను రొదలో వినబడనే లేదు. అరచేత్తో తుడుచుకున్న సందులోంచి ఎర్రటోపీ ఒకటి కనబడితే బ్రేకు తొక్కాను. బంపరుకు బెత్తెడు దూరంలో ఓ పాప నిలబడి, వంటావిడ కదా అని నాకు చెయ్యి ఊపింది.

కారు అక్కడే వదిలేసి, సాయంత్రం వేరేవాళ్ల బండిలో ఇల్లు చేరాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"హీటరేదీ?"

"ఇంజను పట్టలేదు, ఆ పెట్టె పీకేశాను. అంత ఇంజను వేడికి వేరే హీటరెందుకే? అద్దం మీద మంచు గీక్కునే చెక్క ఇస్తాలే."

"పిల్లని చంపేసేదాన్ని రేనో!"

"అరవకే బాబూ! ఇంకోటి పెడతా. బోల్టులు..."

మిగతాది వినలేదు. మర్నాడు చీకటితోనే, అతడు ప్రాణంలా చూసుకునే తన ట్రక్కు తాళం మేకు మీంచి తీసుకున్నాను. స్టార్టు చేసిన చప్పుడుకు మేజోళ్లతోనే మంచులోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఐలా! అది నా బండే! ఆదివారం చేపలకి నేను దేన్లో పోవాలి?"

హీటరు బాగా పెంచి, అద్దం కాస్త దించాను.

"నీ కారు బడి ముందుంది, తెచ్చుకో. గీక్కునే చెక్క మర్చిపోకు. ఈ ట్రక్కు మాత్రం నాకు సరిగ్గా సరిపోయింది రేనో. ఒక్క బోల్టు కూడా బిగించక్కర్లేదు."