పైడమ్మ ఏట్లో కలిపిన ఎముకలు

టాటానగర్‌లోని భాలుబాసా బస్తీ కుళాయి దగ్గర వరసలో ఉన్న పైడమ్మ బిందె ఎవరిదని అడిగితే రెండు రకాల జవాబులు వచ్చేవి. తెలుగు ఆడవాళ్ళు ‘ఆ హోవాడి పెళ్ళాంది’ అనేవారు. పక్క బస్తీలోని హో తెగ ఆడవాళ్ళు ‘దికు కోడలిది’ అనేవారు. దికు అంటే వాళ్ళ భాషలో పరాయి మనిషి. పైడమ్మ రెండూ వినేది. కొంగు నడుముకి చుట్టుకుని నిలబడేది, బిందె నిండాక నెత్తిన పెట్టుకుని పోయేది. అలాగని నోరు లేనిది కాదు. పనిలో మేస్త్రీ ఎవడైనా ఎక్కువ తక్కువ మాట్లాడితే తనకొచ్చిన భాషలన్నిటిలోనూ కడిగి ఆరేసేది.

ఆమె తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి టాటానగర్ రైల్వేలో గ్యాంగు పనికి వచ్చినవాడు. ఆయన పోయాక అన్న జగ్గారావు ఆ రైల్వేలోనే కుదురుకున్నాడు. పైడమ్మ కార్ఖానాలో కంట్రాక్టరు కింద ఇటుకలు మోసే రేజాగా చేరింది. ఆడకూలీని ఆ ఊళ్ళో రేజా అనే అంటారు. సింగ్రాయ్ అక్కడే క్రేను కింద గొలుసులు తగిలించే ఖలాసీ. చాయిబాసా అవతల పల్లె అతనిది. ఒకరోజు ఆమె తట్ట దించుకుంటుంటే సాయం పట్టాడు. మర్నాడూ పట్టాడు. ఆ తరవాత అతను పనికి రాని రోజున ఆమెకి ఏమీ తోచలేదు.

సంగతి తెలిసి జగ్గారావు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

“ఆడి దేవుడేటో మనకి తెల్దు, ఆడి తిండేటో మనకి తెల్దు. ఆడితో ఎల్తే మల్లీ ఈ గుమ్మం తొక్కకు.”

ఆమె వెళ్ళింది. తొక్కలేదు. ఏళ్ళ తరబడి అన్నాచెల్లెళ్ళు సాక్చి బజారులో ఎదురుపడితే, ఒకరు వంకాయలు ఏరుకుంటూ, ఒకరు తిరగలి రాళ్ళ బేరమాడుతూ, మొహాలు చూసుకోకుండా తప్పుకుపోయేవారు.

వాళ్ళ సంసారం ఎలా నడుస్తోందో చూడాలని వీధంతటికీ సరదాగా ఉండేది. చూడబోతే అందులో వింతేమీ లేదు. ఒక మూల పసుపు రాసిన పైడితల్లి ముంత. సింగ్రాయ్ బియ్యపు కల్లు తాగేముందు తన పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు ఒంపేవాడు, ఆ తడి మీదే పైడమ్మ ముగ్గు పెట్టేది. బయట ఇద్దరికీ హిందీయే. ఇంట్లోకొస్తే అతను ఆమె తెలుగే మాట్లాడేవాడు. “బువ్వ సల్లారిపోతంది, రాయే” అని అతను పిలుస్తుంటే, గోడ అవతలి వాళ్ళు ఏ బొబ్బిలి మనిషో అనుకునేవారు. కడుపున పుట్టినవి నిలవలేదు. ఆ దుఃఖం ఏ భాషలోనూ బయటికి చెప్పుకునేవారు కాదు.

మాఘమాసంలో హోల పండగకి ఇద్దరూ అతని ఊరు వెళ్ళేవారు. సింగ్రాయ్ అన్న గోనో, అతని భార్య ఆమెని బాగానే చూసేవారు, కల్లు పోసిన ఆకుదొన్నె ఖాళీ కానిచ్చేవారు కాదు. ఇంటి లోపలి గదిలోకి మాత్రం పిలవలేదు. ఆ గదిలో పెద్దలుంటారు, పరాయివాళ్ళు అడుగు పెట్టకూడదు. ఆమె అరుగు మీదే కూర్చునేది. ఇళ్ళకి ఎదురుగా చింతచెట్ల నీడన పెద్ద పెద్ద రాతిబండలు చిన్న రాళ్ళ మీద ఆనించి ఉండేవి. పిల్లలు వాటి మీద ఆడుకునేవారు, మగవాళ్ళు కూర్చుని తగవులు తీర్చేవారు. మధ్యాహ్నం పూట సింగ్రాయ్ ఒక బండ మీద వెల్లకిలా పడుకుని, “మా అయ్య ఒళ్ళో పడుకున్నానే” అనేవాడు. వాళ్ళు మనిషిని అక్కడ పూడుస్తారు కాబోలు అనుకుంది పైడమ్మ. ఎలా, ఎప్పుడు అని అడగలేదు. ఇంత అరా తీసే మనిషి ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదంటే, చావు మాట నోట్లోంచి రావడమే కీడని వాళ్ళమ్మ నేర్పింది. అతను ఏం తింటాడో, దేనికి నవ్వుతాడో, ఏ పక్కకి తిరిగి పడుకుంటాడో ఆమెకి తెలుసు. పోయాక ఎక్కడికి పోవాలో మాత్రం తెలియదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు వానాకాలంలో పచ్చకామెర్లతో సింగ్రాయ్ పోయాడు. అతని పల్లెకి కబురు తీసుకుని ఒక ఖలాసీ చాయిబాసా బస్సెక్కాడు గానీ, దారిలో గెడ్డ పొంగి అక్కడే నిలిచిపోయాడు. శవాన్ని ఎంతసేపని ఉంచుతారు. కార్ఖానా తోటివాళ్ళు వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడ్డారే గానీ, ఇది ఎవరి పద్ధతిలో చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు.

అప్పుడు జగ్గారావు వచ్చాడు. తెలుగు వీధి మగవాళ్ళని నలుగురిని వెంటేసుకుని, అంతవరకూ ఎరగని ఆ గుమ్మంలో నిలబడ్డాడు.

“కట్టెలు నే తెస్తన్నాను,” అన్నాడు. “మనోడే గదేటి.”

అప్పటిదాకా కొయ్యలా కూర్చున్న పైడమ్మకి ఆ మాటతో ఏడుపు వచ్చింది. బతికుండగా ఒక్కనాడూ రాని మాట అది. ఏటి ఒడ్డున పంతులు గోత్రం అడిగాడు. జగ్గారావు తడుముకోకుండా “పైడిపాల” అని చెప్పేశాడు. అది తమ పుట్టింటి గోత్రం. సింగ్రాయ్ వంశం పేరు బోద్రా. పైడమ్మ చెప్పబోయింది. అన్న మొహం చూసింది. ఇన్నేళ్ళకి తన మొగుణ్ణి తనవాళ్ళు వరసలో కలుపుకుంటున్నారు, ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పటికి. నోరు మూసుకుంది.

మూడో రోజు అస్థికలు ఏరి, పాలతో కడిగి, కొత్త గుడ్డలో కట్టారు. ఆమె ఒక్కసారి అడిగింది.

“ఆల్ల అన్న వచ్చీవరకూ ఉంచుదుమా అన్నా?”

“ఎముకలు ఇంట్లో ఉంచుకుంతారేటమ్మా? ఆత్మ తిరుగుతాది. ఏట్లో కలిపేత్తే ఆడు ఒడ్డున పడతాడు.”

సువర్ణరేఖ ఎర్రగా, ఒడ్డులు కోసుకుంటూ పోతోంది. పైడమ్మ మోకాటి లోతుకి దిగి, మూట విప్పి, తన చేతులతోనే వదిలింది. నీళ్ళు చూస్తుండగానే లాక్కుపోయాయి. మొగుడికి చెయ్యాల్సింది చేశానన్న నిబ్బరం ఆ పూట ఆమెకి కలిగింది.

గెడ్డ తగ్గాక గోనో వచ్చాడు. కూడా భార్య, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఒక డోలు. భార్య నెత్తిన కొత్త మట్టికుండ. లోపలికొస్తూనే అందరూ పైడమ్మని పట్టుకుని ఏడ్చారు. తరవాత గోనో తలెత్తి ఇంటి చూరు వైపు చూశాడు. ఒక చివరి నుంచి రెండో చివరి దాకా చూశాడు. అతని చూపు వెంట తనూ చూసిన పైడమ్మకి, ఉంచాల్సిందేదో ఉంచలేదని అతను అడగకముందే తెలిసిపోయింది.

“ఎక్కడ వేలాడదీశావమ్మా?” అన్నాడు గోనో హిందీలో.

“ఏట్లో కలిపేశాను దాదా.”

“అన్నీనా?”

“అన్నీ.”

గోనో గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. తాము కాల్చిన తరవాత ఎముకలు కుండలో పెట్టి చూరుకి కడతామని, మంచి రోజు చూసి తండ్రి బండ ఎత్తి దాని కింద పెడతామని, అప్పుడే మనిషి పెద్దల్లో చేరతాడని. ఎముక లేనిదే బండ ఎత్తరు.

జగ్గారావు పరుగున వచ్చాడు. లోటేమీ చెయ్యలేదనీ, గోత్రం చెప్పించి, పంతులు చేత అన్నీ నడిపించామనీ హిందీలో తొట్రుపడుతూ చెప్పుకొచ్చాడు. గోనో కోప్పడలేదు.

“మీరు మీవాడనుకునే చేశారు,” అన్నాడు. “మావాడని చెప్పుకోడానికే మాకేమీ మిగల్లేదు.”

పైడమ్మ అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. వదిలిన చోటు తనకి తెలుసుననీ, అక్కడి ఇసక తెచ్చిస్తాననీ, అదైనా పట్టుకెళ్ళమనీ బతిమాలింది.

“ఇసక ఎవరిదైనా కావచ్చమ్మా,” అన్నాడు గోనో.

అతని భార్య లేచి కుండ ఎత్తుకుంది. వాళ్ళలో ఇంకొక ఆచారం ఉంది. ఎముకల్ని బండ కింద పెట్టేముందు, మనిషి బతికుండగా తిరిగిన చోటల్లా ఆడవాళ్ళు మోసుకెళ్ళి సెలవు చెప్పిస్తారు. ఖాళీ కుండతో అది ఎవరూ చేసి ఎరగరు. గోనో వద్దనబోయి ఊరుకున్నాడు. డోలు మీద దెబ్బ పడింది, ఆగి, ఆగి, మళ్ళీ పడింది.

భాలుబాసా వీధులు అలాంటి ఊరేగింపు అంతకుముందు చూడలేదు. పైడమ్మ ముందు నడిచి దారి చూపింది. సింగ్రాయ్ టీ తాగే బెంగాలీ కొట్టు దగ్గర ఆగారు, కొట్టాయన పొయ్యి మీది కెటిలు దించేశాడు. సైకిలు బాగుచేసే మియ్యా జిడ్డు చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ పైకెత్తి తన దువా చదివాడు. సర్దార్ల ముసలమ్మ చున్నీ నెత్తి మీదికి లాక్కుని వాహెగురూ అంటూ కుండ అంచు తాకింది. లోపల ఏముందని ఎవరూ తొంగి చూడలేదు. అతను అందులో ఉన్నాడనే అనుకున్నారు. వాళ్ళు అలా అనుకుంటుంటే పైడమ్మ కుండ వైపు తిరిగి చూడకుండా ముందుకి నడిచింది.

చివరికి తెలుగు వీధిలో జగ్గారావు ఇంటి ముందు నిలబడ్డారు. అతను వాకిట్లోకి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక చెల్లెలి వైపు చూశాడు.

“నానేటి సెయ్యాలమ్మా?”

“ఏడవడమే అన్నా.”

అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

గోనో వాళ్ళు కుండతో ఎలా వచ్చారో అలాగే బస్సెక్కారు. బండ ఎత్తలేదు. పైడమ్మ ఆ తరవాత కూడా ఏటా మాఘమాసంలో వెళ్ళేది. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఆమెకి పెద్ద బరువు. దొన్నె చేతికిచ్చేవారు, అరుగు మీద కూర్చునేది. చింతచెట్ల వైపు పోయేది కాదు. వేసవిలో సువర్ణరేఖ సన్నబడినప్పుడు, ఇటుకల తట్ట పట్టుకుని దిగి గులకరాళ్ళు జల్లెడ పడుతూ కనబడేది. ఏం వెతుకుతున్నావని అడిగినవాళ్ళకి, ముక్కుపుడక పోయిందని చెప్పేది. ఆమె ముక్కుపుడక ముక్కుకే ఉండేది, ఎవరూ ఎత్తి చూపలేదు.

ఆమెకి పుట్టిల్లు తిరిగి దొరికింది. జగ్గారావు వారం వారం వచ్చి చూసి పోయేవాడు. సింగ్రాయ్ పోయిన నాలుగైదేళ్ళకి ఒక సాయంత్రం, ఏటి అవతలి మాంగో పేట బజారు నుంచి వంతెన మీదుగా ఇద్దరూ నడిచి వస్తున్నారు. పైడమ్మ ఆగి, కిందికి చూస్తూ ఈ ఏరు ఎక్కడికెల్తాదని అడిగింది. రైల్వే మనిషి కదా, దేశం ఎరిగినవాడు.

“ఒరిస్సా దాటి సముద్రంలో కలుత్తాదమ్మా.”

“ఏ సముద్రం?”

“మన సముద్రమే. మనూరి ఒడ్డునున్నదీ అదే నీరు.” ఆ మాటతో చెల్లెలికి కాస్త ఊరట కలుగుతుందనుకున్నాడు. “అంచేత ఆడు మనూరే ఎల్లిపోనాడనుకో. మనోల్ల దగ్గరే ఉన్నాడు.”

పైడమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. లారీలు పోతుంటే వంతెన అదిరింది.

“మనోల్లెవులూ ఆయనకి తెల్రన్నా,” అంది. “అక్కడ ఎవుల్తో మాటాడతాడు?”

జగ్గారావు చెల్లెలి చేతిలోని సంచీ తను అందుకున్నాడు. ఆమె ఇంకా కదలలేదు.