నాలుగు కుటుంబాల మాడ్రిడ్ యాత్ర

మాడ్రిడ్ వెళ్దామన్న ఆలోచన నాది కాదు. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మేము నాలుగు కుటుంబాలవాళ్లం శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరింట్లో కలిసి తినేవాళ్లం. అందులో ఒకావిడ, తన ఆఫీసులో ఎవరో స్పెయిన్ వెళ్లొచ్చి ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టారని, మనమూ వెళ్లాల్సిందేనని అందరికీ ఈమెయిల్ కొట్టింది. అది 2012. ఆ ఈమెయిల్‌కి జవాబులూ, జవాబులకి జవాబులూ కొన్ని నెలలు సాగాయి. హోటల్ గదిలో మైక్రోవేవ్ ఉంటుందా అని ఒకరు. రైస్ కుక్కర్ ప్లగ్గు అక్కడి గోడలకి పడుతుందా అని ఇంకొకరు. పెద్ద మ్యూజియంలో ఫొటోలు తీయనివ్వరట అని నేను రాస్తే, "అలాంటప్పుడు వెళ్లడం ఎందుకు?" అని మూడో ఇంటాయన నిజంగానే అడిగాడు. అందరికీ ఆ ప్రశ్న సబబుగానే తోచింది.

తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకరింట్లో పిల్లవాడికి స్పెల్లింగ్ పోటీ. ఇంకొకరికి కొత్త ఇంటి క్లోజింగ్, అంటే రిజిస్ట్రేషన్. మూడో వాళ్లు దేశం దాటితే మళ్లీ వీసా స్టాంపింగ్ అని భయపడి ఊరుకున్నారు. ఆఖరికి మా ఆయన కూడా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాడు. అప్పటికి నేను శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి స్పెయిన్ వీసా తెచ్చుకున్నాను. శాంటా క్లారా ఆఫీసులో మా మేనేజర్‌ని బతిమాలి సెలవు కూడా ఒప్పించాను.

"నువ్వూ క్యాన్సిల్ చేసెయ్. నెక్స్ట్ ఇయర్ అందరం కలిసి వెళ్దాం," అన్నాడు మా ఆయన.

"నెక్స్ట్ ఇయర్ ఇంకో రిలీజ్ ఉంటుందిగా."

"ఒక్కదానివే వెళ్లి ఏం చేస్తావ్?"

"తింటాను. బొమ్మలు చూస్తాను."

"అవి ఇక్కడ లేవా? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎన్ని మ్యూజియాలు లేవు!"

ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ మేము శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది, వచ్చిన చుట్టాలకల్లా ఎర్ర వంతెన చూపించడానికే. ఒకసారి మాత్రం ఒక మ్యూజియం పార్కింగ్ దాకా వెళ్లాం. ఫుల్ అని బోర్డు చూసి, పోనీలే అని దారిలో దోసెలు తిని ఇంటికొచ్చాం.

నేను ఒక్కదాన్నే వెళ్తున్నానన్న వార్త ఆ శనివారం లోపలే అందరికీ చేరిపోయింది. ఫోన్ల మీద ఫోన్లు. మాకు పిల్లలు లేరు కాబట్టి పిల్లల ప్రశ్న తప్పింది. "మరి ఆయన భోజనం?" అన్న ప్రశ్న మాత్రం ఎవరూ మర్చిపోలేదు. మా ఆయన వంట నాకన్నా బాగా చేస్తాడు. ఆ సంగతి వాళ్లందరికీ తెలుసు, ఆయన చేసిన గుత్తొంకాయ కూర రెండోసారి వడ్డించుకున్నవాళ్లే అందరూ. అయినా నేను విమానం ఎక్కకముందే, ఏ రోజు ఎవరు ఆయనకి కూర పంపాలో ఆడవాళ్లంతా పంచేసుకున్నారు. ఒంటరిగా తెలియని దేశం వెళ్తున్న నేను ఏం తింటానని ఒక్కరూ అడగలేదు.

అడిగి ఉంటే బావుండేది. మాడ్రిడ్‌లో దిగిన మొదటి రోజే, గైడు పుస్తకంలో రాసినట్టు, టూరిస్టులు రాని హోటలు వెతుక్కుని వెళ్లాను. లోపల అందరూ నిలబడే తింటున్నారు. మెనూ గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ అర్థమైనట్టు తలాడిస్తూ చాలాసేపు చదివాను. వెయిటర్ విసుక్కుంటుంటే పక్కాయన ప్లేటు చూపించాను. గోధుమరంగులో చిన్నచిన్న ముక్కలు, పైన వెల్లుల్లి, ఎర్రటి కారం. పుట్టగొడుగులనుకున్నాను. కాస్త కరకరలాడుతూ, కాస్త సాగుతూ బాగానే ఉన్నాయి. గుంటూరుదాన్ని కదా, ఆ కారానికి మురిసిపోయి సగం పైగా తినేశాక, ఇది ఏ రకం పుట్టగొడుగని ఇంగ్లీషులో అడిగాను. వెయిటర్ నవ్వుతూ తన చెవి పట్టుకుని ఊపి, ముక్కుతో పందిలా శబ్దం చేశాడు.

మా ఇంట్లో కోడీ చేపా తప్ప ఎరగం. బయటికొచ్చి ఒక గట్టు మీద కూర్చుని, వాంతి అవుతుందేమోనని ఎదురుచూశాను. కాలేదు. ఎంతకీ కాకపోయేసరికి కాస్త సిగ్గేసింది కూడా. అసలైన రుచులు వెతుక్కునే ఒంటరి యాత్రికురాలినని పొద్దుటి నుంచీ నామీద నాకున్న గౌరవం ఆ గట్టు మీదే దిగిపోయింది. మర్నాటి నుంచి బుద్ధిగా, గుడ్డులో బంగాళాదుంపలు వేసి మందంగా కాల్చిన అట్టు మీద పడ్డాను. చల్లటి టమాటా సూపు కూడా తాగాను. తాలింపు మర్చిపోయి ఫ్రిజ్‌లో పెట్టిన చారులా ఉంది. రెండో గ్లాసు మాత్రం అడిగి తాగాను.

పెద్ద మ్యూజియానికి మూడో రోజు వెళ్లాను. చెవికి పెట్టుకునే గైడు ఇచ్చారు. అందులో ఒకాయన ప్రతి బొమ్మ ముందూ "వెలుగును గమనించండి" అంటాడు. నేను గమనించాను. నా చుట్టూ అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వంచి, అదే వెలుగును గమనిస్తున్నారు. నేనూ తల వంచాను. కాసేపటికి మెడ పట్టేసింది.

అప్పుడు వినపడింది వెనక నుంచి, స్వచ్ఛమైన తెలుగు.

"పదిహేను నిమిషాలే అండీ! బాత్రూమ్ చూసుకోండి, మెయిన్ పెయింటింగ్ ఒకటి చూసుకోండి, బస్సెక్కేయండి. స్టేడియం ఉంది, ఆ తర్వాత షాపింగ్ ఉంది!"

చిన్న జెండా పట్టుకున్న టూర్ గైడు, వాడి వెనక టెన్నిస్ బూట్లు వేసుకున్న పెద్దవాళ్ల గుంపు. అందరూ అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చినవాళ్లు. పిల్లలే టికెట్లు కొని యూరప్ చూసిరమ్మని పంపారట. గుంపులోంచి ఒక పెద్దావిడ నా బొట్టు చూసి ఆగిపోయింది. కరీంనగర్ టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, టెక్సస్‌లో, ప్లేనోలో కూతురి దగ్గర ఉంటోందని నిమిషంలో చెప్పేసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?"

"అవునండీ."

"మీ ఆయనతోని లొల్లి అయిందా?"

"లేదండీ. ఆఫీస్ పని ఉండి రాలేదు."

"గట్లనా," అంది నమ్మకుండా. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఏం తింటున్నవ్?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసం నేను ఇన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానని అప్పుడే తెలిసింది. అట్టు గురించి, చల్లటి సూపు గురించి, చెవి గురించి కూడా చెప్పేశాను. ఆవిడ ముఖం చిట్లించలేదు. బస్సుతో పాటు వంటవాడు కూడా వస్తున్నాడట.

"పొద్దుగాల ఉప్మా, పగటీలి పప్పన్నం, రాత్రికి మళ్ల పప్పన్నం. ఎన్ని దేశాలు తిరిగినా గదే పప్పు. మా ప్లేనోల కూడ గదే. గీ దానికి ఇంత దూరం వచ్చుడెందుకు, చెప్పు?"

అంతలో వాళ్లాయన వచ్చాడు. "నడువు, బస్ పోతది."

"మీరు పోండ్రి. నేను ఈ పిల్లతోని ఉంట."

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నావైపు, తన భార్యని లేవదీసుకుపోతున్న మనిషిని చూసినట్టు చూశాడు. గైడు పరిగెత్తుకొచ్చాడు. గ్రూప్ డిసిప్లిన్ అన్నాడు, రెస్పాన్సిబిలిటీ అన్నాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుని కదల్లేదు. చివరికి గైడు నా ఫోన్ నంబరు తీసుకుని, సాయంత్రం హోటల్లో అప్పగించాలని నాకు గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు. వాళ్లాయన తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి చూశాడు.

అందరూ గుమిగూడే ఆ పెద్ద బొమ్మ ముందుకి తీసుకెళ్లాను. మధ్యలో చిన్న రాజకుమారి, చుట్టూ చెలికత్తెలు, ఒక పక్క కుంచె పట్టుకుని బొమ్మ వేసినాయనే స్వయంగా నిలబడి ఉంటాడు. నేను చెవి గైడు చెప్పిందంతా తెలుగులో అప్పజెప్పాను.

"మరి రాజేడీ?" అంది ఆవిడ.

వెనక గోడ మీద చిన్న అద్దం చూపించాను. అందులో మసగ్గా రాజూ రాణీ.

"పైసలిచ్చినోన్ని అద్దంల పెట్టి, గీసినోడు ముంగట నిలబడ్డడా! గట్టోడే." ఆవిడ నవ్వు ఆగలేదు. కాపలా మనిషి వేలు పెదాలకి పెట్టుకుని హెచ్చరించింది. తలలు వంచుకున్నవాళ్లంతా తలలెత్తి మమ్మల్ని చూశారు. ఆ గదిలో అప్పటిదాకా నవ్వింది ఆవిడ ఒక్కతే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చోబెట్టి అట్టు చెప్పాను. నూనెలో వేయించి ఉప్పు చల్లిన పచ్చి మిరపకాయలు కూడా చెప్పాను. వాటిలో పదింటికి ఒకటి కారంగా ఉంటుందనీ, ఏదో ముందు తెలియదనీ వెయిటర్ హెచ్చరించాడు. ఆవిడ తొడిమ పట్టుకుని వరసగా తింటూ పోయింది. నాకు మూడోదే తగిలింది, కళ్లలో నీళ్లు. గుంటూరు పరువు పోకుండా నవ్వుతూ కూర్చున్నాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదండీ. ఎండ."

ఆవిడకి ఒక్కటీ తగల్లేదు. "గివి మిరపకాయలా?" అని ప్లేటు ఖాళీ చేసింది.

సాయంత్రం హోటల్లో అప్పగించేసరికి వాళ్లాయన లాబీలో నిలబడి ఉన్నాడు. స్టేడియం మూసి ఉందట. "నువ్వు కూడ ఉంటే బాగుండె," అని ఆవిడ అంటుంటే ఆయన లిఫ్ట్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

ఫ్రీమాంట్ తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే చెయ్యి పెట్టే చోటు లేదు. ఎవరెవరివో డబ్బాలు, అన్నిట్లోనూ పులిహోర. మా ఆయన రెండు కిలోలు పెరిగాడు. ఆ శనివారం వాళ్లందరూ ఆయన్ని చూసి జాలిపడ్డారు, నన్ను చూసి చిక్కిపోయానన్నారు. ఈమెయిల్ మొదలుపెట్టినావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "నిజం చెప్పు, మీ ఇద్దరి మధ్యా అంతా ఓకేనా?" అని అడిగింది. పంది చెవి తిన్నానని చెప్పాను. ఆ తర్వాత ఇంకేం అడగలేదు.

నెల తిరక్కుండా ప్లేనో నుంచి ఫోన్ వచ్చింది. ఆ పెద్దావిడ కూతురు.

"మాడ్రిడ్‌లో మా మమ్మీని బస్ దింపేసింది మీరేనా అండీ?"

"ఆవిడే దిగారండీ."

"అప్పట్నుంచి మాతో మాల్‌కి రానంటుంది. వీకెండ్ వస్తే డాలస్‌లో మ్యూజియం దగ్గర డ్రాప్ చేయమంటుంది, అది కూడా ఒక్కదాన్నే! తనకి డ్రైవింగ్ రాదు, ఇంగ్లిష్ అంతంత మాత్రం. మేమేమో నాలుగు గంటలు టెన్షన్ పడుతూ పార్కింగ్‌లో కూర్చుంటున్నాం."

"పార్కింగ్‌లో ఎందుకండీ? మీరు కూడా లోపలికి వెళ్లొచ్చుగా."

ఆ అమ్మాయికి ఆ సంగతి తట్టినట్టు లేదు. తర్వాత ఫోన్ చేతులు మారింది.

"బిడ్డా, మంచిగున్నవా?" అంది పెద్దావిడ. "ఇక్కడి బొమ్మలు అంత మంచిగ లేవు గానీ, ఏసీ మాత్రం బాగ పెడ్తరు. మీ అంకుల్ కూడ ఒక్కనాడు వచ్చిండు. బొమ్మల కింద పేర్లన్నీ సదివిండు, బొమ్మలు సూడలే. పోనీ, మెల్లగ సూస్తడు."